నేస్తం ఎన్నిసార్లు వద్దనాలి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నేను విశాఖపట్నంలో ఒక గిరిజన పరిశోధన కార్యాలయంలో డిప్యూటీ డైరెక్టర్‌ని. జూన్ నెలాఖరుకు పదవీ విరమణ. సర్వీసు నాలుగు నెలలే మిగిలిన అధికారికి మా శాఖలో ఎవరూ కొత్త పని అప్పగించరు. అప్పగించారంటే అది ఇంకెవరూ ముట్టుకోని పని అయి ఉంటుంది. దేశంలోని మానవశాస్త్రవేత్తలందరికీ కలిపి ఒక జాతీయ సంఘం పెట్టాలనీ, దాని వ్యవస్థాపక సమావేశం అరకులో మా శిక్షణ కేంద్రంలో రెండు రోజులు జరుగుతుందనీ, దానికి నేను కన్వీనర్‌ననీ ఉత్తర్వు వచ్చింది. కన్వీనర్ అంటే అందరికీ ఉత్తరాలు రాసి, గదులు చూసి, అజెండా అచ్చువేయించి, ఏం జరిగినా తప్పు తనదేనని ఒప్పుకోవలసిన మనిషి.

ఈ పని దానంతటదే నా నెత్తిన పడ్డట్టు రాశాను గానీ, నిజానికి దాని కోసం ఆరేళ్ళు అందరికీ ఉత్తరాలు రాసింది నేనే. మాకు సంఘాలు లేక కాదు, ఎక్కువై. ప్రతి విశ్వవిద్యాలయం నీడలో ఒకటి ఉండేది. దానికొక అధ్యక్షుడు, ఒక రబ్బరు స్టాంపు, ఆ అధ్యక్షుడితో పడక పక్కవీధిలో పెట్టుకున్న మరో సంఘం. శాస్త్రం మొత్తం తరఫున మాట్లాడేది మాత్రం ఒక్కటీ లేదు.

అది లేకపోతే ఏమవుతుందో నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది. ఒక చిన్న జలాశయం కింద మునిగే కొండ ఊరిని ఎక్కడికి తరలించాలో చూసి రమ్మని నన్ను పంపారు. శాఖ ఎంచిన స్థలంలో ఊట లేదనీ, ఆ ఊరివాళ్ళు ఊట పక్కన తప్ప ఊరు కట్టరనీ నలభై పేజీలు రాశాను. ఫైలు మీద పై అధికారి ఒకే వాక్యం రాసి తిప్పి పంపారు: ‘ఇది పరిశోధకురాలి వ్యక్తిగత అభిప్రాయం.’ ఊరిని అక్కడికే తరలించారు. రెండేళ్ళకు జనం ఆ ఇళ్ళు వదిలి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ వాక్యం చదివిన రోజు నేను ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. డాక్టరు మాటకు వెనక వైద్య మండలి ఉంటుంది, వకీలు మాటకు వెనక బార్ కౌన్సిల్ ఉంటుంది, మా మాటకు వెనక మేమే. రిటైరయ్యేలోగా ఆ వెనక ఒక సంఘాన్ని నిలబెట్టాలన్నది నా పంతం.

ఇక పద్ధతి. జాతీయ స్థాయి సంఘాన్ని రిజిస్టరు చేయాలంటే ఎనిమిది వేర్వేరు రాష్ట్రాలకు చెందిన ఎనిమిది మంది వ్యవస్థాపక సభ్యులుగా సంతకాలు పెట్టాలి. రెండు పత్రాలు ఉంటాయి. సంఘం ఎందుకో చెప్పేది సంస్థాపన పత్రం, ఎలా నడవాలో చెప్పేది నియమావళి. వాటితో పాటు మొదటి కార్యవర్గం జాబితా, ఆ కార్యవర్గాన్ని ఎన్నుకున్న సమావేశపు మినిట్స్ జతచేయాలి. అధ్యక్షుడి పేరు ఎదుట ఖాళీ ఉంటే కౌంటరు దగ్గరే కాగితాలు వెనక్కి ఇచ్చేస్తారు. నేను తంటాలు పడి సరిగ్గా ఎనిమిది రాష్ట్రాల నుంచి ఎనిమిది మందిని పోగుచేశాను, నాతో కలిపి. తొమ్మిదో మనిషి లేడు. ఒక్కరు అలిగి వెళ్ళిపోతే సంఘం లేదు.

అలగడానికి సిద్ధంగా వచ్చినవారు ఇద్దరున్నారు. కలకత్తా నుంచి ప్రొఫెసర్ భట్టాచార్య, పుణె నుంచి ప్రొఫెసర్ కులకర్ణి. ఇద్దరూ మా శాస్త్రంలో పెద్ద తలకాయలు, ఇద్దరికీ అరవై అయిదు దగ్గర పడింది, ఇద్దరూ అధ్యక్ష పదవి తమదేనన్న నమ్మకంతోనే రైలెక్కారు. భట్టాచార్య ఆరడుగులు దాటిన మనిషి. కులకర్ణి ఆయన భుజం దాకా వస్తారు. పదకొండేళ్ళుగా వాళ్ళ మధ్య మాటల్లేవు. సభల్లో ఒకరి పేరు ఒకరు ఎత్తరు. ‘ఇంతకుముందు మాట్లాడినవారు’ అంటారు, ‘తూర్పు నుంచి వచ్చిన ఒకరు’ అంటారు. ఒక వ్యాసంలో కులకర్ణి అడుగున ఇచ్చే సూచికలో కూడా పేరు రాయకుండా ‘చూ. పాత వాదన’ అని రాశారు.

తగాదా పుట్టుక మా శాస్త్రంలో అందరికీ తెలుసు. నలభై ఏళ్ళ కిందట ఇద్దరూ పరిశోధక విద్యార్థులుగా ఇదే అరకు లోయలో, మా శిక్షణ కేంద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్ళో, ఒకే గుడిసెలో ఒక వానకాలం ఉన్నారు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు నేస్తం కట్టుకోకపోతే పొయ్యి తగాదా పెడుతుందని ఊరి నాయుడు, అంటే ఆ ఊరి పెద్ద, ఇద్దరికీ నేస్తం కట్టించాడు. కొండ మీద నేస్తం కట్టడం అంటే చేతులు కలుపుకోవడం కాదు. అది చుట్టరికం కన్నా గట్టిది. నేస్తం కట్టినవాళ్ళు జీవితాంతం ఒకరి పేరు ఒకరు పలకకూడదు, ‘నేస్తం’ అనే పిలవాలి. ఎదురుపడితే దారి ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. ముఖాన అడ్డం చెప్పకూడదు. కట్టే రోజున ఇద్దరూ ఒకే అడ్డాకు విస్తరి ముందు కూర్చుంటారు, అందులో ఒక కోడి కార్జం పెడతారు. ఒకరు అందిస్తే రెండోవారు వద్దంటారు, మళ్ళీ అందిస్తారు, మళ్ళీ వద్దంటారు, చివరకు తింటారు.

గొడవంతా ఆ ‘చివరకు’ దగ్గర. రెండుసార్లు వద్దని మూడోసారి తినాలన్నది కులకర్ణి సిద్ధాంతం. మూడుసార్లు వద్దని నాలుగోసారి తినాలన్నది భట్టాచార్య సిద్ధాంతం. ఇద్దరి డాక్టరేట్లూ, మొదటి పుస్తకాలూ, బిరుదులూ ఆ కార్జం మీదే కట్టినవి. రెండు తిరస్కారాల వెనక పగలూ రాత్రీ ఉన్నాయని ఒకరు, మూడు తిరస్కారాల వెనక ఊరు, అడవి, పొలం ఉన్నాయని ఇంకొకరు వందల పేజీలు రాశారు. పదకొండేళ్ళ కిందట కులకర్ణి పుస్తకం కొత్త ముద్రణ వస్తే దానికి భట్టాచార్య సమీక్ష రాస్తూ ఇలా ముగించారు: ‘గ్రంథకర్త మూడో తిరస్కారాన్ని గమనించలేదు. బహుశా అప్పటికే ఆయన తినడం మొదలుపెట్టి ఉంటారు.’ కులకర్ణి ఇరవై పేజీల జవాబు రాశారు. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి.

మొదటి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు సమావేశం మొదలైంది. అరకులో ఫిబ్రవరి చలికి అందరూ శాలువాల్లో ఉన్నారు. సాయంత్రం అయ్యేసరికి నియమావళిలో మూడో నిబంధన దాకా వచ్చాం. మొదటి రెండు నిబంధనలు సంఘం పేరు, చిరునామా. మూడోది సభ్యత్వానికి అర్హత. ఏడాది పాటు ఊళ్ళో ఉండి పని చేసినవారికే సభ్యత్వం ఇవ్వాలన్నారు భట్టాచార్య. ఊళ్ళో ఉండటం అర్హతయితే ఆ ఊరి మేకలకు కూడా ఇవ్వాలనీ, కావలసింది డిగ్రీ అనీ అన్నారు కులకర్ణి, అయితే ఆయన వైపు చూడకుండా, కిటికీకి చెప్పారు. మిగిలిన అయిదుగురిలో ఎవరు ఎటో టీ తాగి వచ్చేసరికల్లా మారిపోయేది. ఓటు పెట్టడం నా చేతిలో పని, కానీ ఓడినవారు సంతకం పెట్టరని నాకు తెలుసు. కన్వీనర్ కుర్చీలో నవ్వుతూనే కూర్చుని, సంతకాల కాగితంలో ఎనిమిది ఖాళీలూ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

భోజనాల బాధ్యత పక్క ఊరి మహిళా సంఘానిది. వాళ్ళ సంఘానికి నాయకురాలు కొర్రా బుద్రమ్మ, యాభై దాటిన మనిషి. తీర్మానాల పుస్తకం ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. ఉదయం నుంచీ మా తలుపు దగ్గర నిలబడి చూసి, మధ్యాహ్నం నన్ను అడిగింది, సంఘం పెట్టడానికి వీళ్ళకు ఇంకా ఎన్ని పూటలు వండాలని. వాళ్ళ సంఘం అరగంటలో పెట్టుకున్నారట. నేను మాట మార్చాను.

సాయంత్రం టీ గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను వరండా చివరకు పిలిచింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏదో ఇంట్లో కష్టం అనుకున్నాను.

“మేడమ్మా, ఆ పొడుగు బాబు మా ఊరి బాబే. భోజనాల కాడ తలుపుకి తల కొట్టుకున్నప్పుడే పోల్చాను. మా ఇంటి తలుపుకీ దినం అలాగే కొట్టుకునేవోడు. రెండో బాబు ఆయన నేస్తం. అప్పుడు ఊరి నాయుడు మా అయ్యే, ఆయనే కట్టినాడు. నాకు పదేళ్ళు అప్పుడు.”

తెలుసన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది, నాకు తెలియనిది ఇంకా ఉందన్నట్టు.

“పొద్దున్నుంచీ సూస్తన్నాను. ఒక్కపాలి కూడా పేరు పలకలేదు. వరండాలో ఎదురైతే ఈ బాబు గోడకి తప్పుకుంతన్నాడు, ఆ బాబు మెట్లు దిగిపోతన్నాడు. నలబై ఏళ్ళమ్మా. మాలో కూడా ఇంత నియమం ఎవులూ ఉంచరు. మా గుంటలకి సూపించాను, సూసి నేర్సుకోండే అని.”

నేను ఏం చెప్పాలి? శాస్త్రం ప్రకారం నేను నిజం చెప్పాలి. వీళ్ళది నేస్తరికం కాదు తల్లీ, పగ అని. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఒక ఆచారాన్ని ఇంత శ్రద్ధగా, ఇంత తప్పుగా అర్థం చేసుకున్న పరిశీలకులను నేను మా వాళ్ళలోనే చూశాను. ఊరివాళ్ళలో చూడటం అదే మొదటిసారి. కానీ ఆమె ముఖం చూస్తే నోరు రాలేదు. పేరు పలకరు, దారి తప్పుకుంటారు, ముఖాన అడ్డం చెప్పరు. కిటికీకి చెబుతారు. ఆమె చూసినవన్నీ నిజాలే. నేను అవునన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఊరు ఇద్దరికీ నేస్తం విస్తరి పెడుతుందని చెప్పి, గిన్నెలు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సంగతి ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. భట్టాచార్య తనకు గ్యాస్ట్రిక్ అన్నారు. కులకర్ణి తన రైలు ముందుకు జరిగిందన్నారు. అప్పుడు నేను ఆయన టికెట్టు బయటకు తీసి చూపించాను, కొన్నది నేనే కాబట్టి. వెళ్ళక తప్పదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరి పుస్తకాలూ ‘నేను స్వయంగా ఈ బంధంలోకి ప్రవేశించాను’ అన్న వాక్యంతోనే మొదలవుతాయి. ఆ బంధాన్ని కాదంటే పుస్తకం మొదటి పేజీ పోతుంది. పైగా ఆతిథ్యమిచ్చే సమాజపు ఆచారాలను సభ్యులు గౌరవించాలన్న తొమ్మిదో నిబంధన ముసాయిదా రాసింది ఇద్దరూ కలిసి, అంటే నా ద్వారా.

రెండో రోజు ఉదయం కూడా మూడో నిబంధన దాటలేదు. పన్నెండు గంటలకు సమావేశం ఆపి అందరం ఊరికి నడిచాం. కాఫీ తోటల మధ్య సన్నటి దారి. ముందు భట్టాచార్య, చివర కులకర్ణి, మధ్యలో మేం ఆరుగురం. బుద్రమ్మ ఇంటి ముందు ఊరు ఊరంతా కూర్చుని ఉంది. సామ అన్నం, రాజ్మా కూర, కోడికూర, జీలుగు కల్లు. ఇద్దరినీ ఒకే చాప మీద, ఒకే విస్తరి ముందు కూర్చోబెట్టారు. వాళ్ళ మోకాళ్ళు తగిలాయి. పదకొండేళ్ళలో వాళ్ళు అంత దగ్గరగా రావడం అదే మొదలు.

బుద్రమ్మ కార్జం తెచ్చి విస్తరి నడుమ పెట్టింది. వెంటనే మా అయిదుగురు సభ్యులూ జేబుల్లోంచి నోటుపుస్తకాలు తీశారు. మానవశాస్త్రవేత్తల ముందు ఎవరూ ప్రశాంతంగా భోజనం చేయలేరు.

ఎవరు ముందు అందించాలన్నది కాసేపు తేలలేదు. చివరికి కులకర్ణి కార్జం తీసి భట్టాచార్య వైపు చాచారు. భట్టాచార్య అరచెయ్యి అడ్డం పెట్టారు. ఒకటి. కులకర్ణి చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ చాచారు. మళ్ళీ అడ్డం. రెండు. మూడోసారి చాచారు. కులకర్ణి సిద్ధాంతం ప్రకారం ఇప్పుడు తినాలి. భట్టాచార్య, ఆయన సిద్ధాంతం ప్రకారం, మూడోసారీ అరచెయ్యి అడ్డం పెట్టారు.

అక్కడ ఆగిపోయింది. నాలుగోసారి చాచాలంటే కులకర్ణి చెయ్యి వెనక్కి తీసుకోవాలి, తీసుకుంటే నాలుగోది ఉందని ఒప్పుకున్నట్టే. ఆయన తియ్యలేదు. ఆయన తీసి మళ్ళీ అందించేదాకా భట్టాచార్య నోరు తెరవరు. కార్జం గాల్లో ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది. కులకర్ణి ఎడమ చేత్తో కుడి మోచేతిని ఆసరా పట్టుకున్నారు. మా గుజరాత్ సభ్యురాలు గడియారం చూసి ఏదో రాసుకున్నారు. నా మటుకు నాకు ఆ చేతిలో కనిపించింది కార్జం కాదు, నా సంఘం.

బుద్రమ్మ వచ్చి ఏటయిందని అడిగింది. వద్దనడం రెండుసార్లా మూడుసార్లా అని లెక్క తేలడం లేదని నేను చెప్పాను. దాని మీద రెండు పెద్ద పుస్తకాలున్నాయని కూడా చెప్పాను. ఆమె మా ముఖాలు ఒక్కొక్కటీ చూసింది, మేం వేళాకోళం ఆడుతున్నామేమోనని.

“లెక్కేటి బాబూ? దీనికి లెక్క ఎవులెట్టారు? ఆకలేస్తే తింతారు, ఆకలి లేపోతే ఒద్దంతారు. ఆ దినం ఈ పొట్టి బాబు పొద్దున్నుంచీ ఏటీ తినలేదు. రెండుపాలి ఒద్దని బేగి తినీసినాడు. పొడుగు బాబుకి కడుపునొప్పి. ఇంకా ఇంకా ఒద్దంతే మా అయ్య కసిరినాడు, అప్పుడు తిన్నాడు.”

నోటుపుస్తకాల మీద కలాలు ఆగిపోయాయి. నలభై ఏళ్ళు, రెండు పుస్తకాలు, రెండు సిద్ధాంతాలు, వాటి మీద ఆధారపడి ఇంకా ఎందరో విద్యార్థులు రాసిన సిద్ధాంత వ్యాసాలు. ఇద్దరూ ఆ ఊరి ఆచారం రాస్తున్నామనుకుని ఒకరు తన ఆకలినీ, ఇంకొకరు తన కడుపునొప్పినీ రాసుకొచ్చారు. ఆ నేస్తం విస్తరి దగ్గర వాళ్ళు తప్ప వేరే జత ఎవరైనా తినడం చూశారా అని మా గుజరాత్ సభ్యురాలు మెల్లగా అడిగారు. లేదని ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. అది వానకాలం. ఊళ్ళో ఆ ఒక్క నేస్తమే కట్టారు.

ముందు నవ్వింది కులకర్ణి. చాచిన చెయ్యి అలాగే ఉంచి, భుజాలు కదిలేలా నవ్వారు. తర్వాత, కిటికీ ఏదీ దగ్గర లేకపోవడం వల్ల, నేరుగా భట్టాచార్యతోనే హిందీలో అన్నారు: ఆ సమీక్షలో చివరి వాక్యం నిజమే, నేను అప్పటికే తింటున్నాను. భట్టాచార్య నోరు తెరిచి కార్జం తిన్నారు. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళ దృష్టిలో అంతా సవ్యంగా జరిగింది, కాస్త ఆలస్యంగా.

మూడు గంటలకు మళ్ళీ సమావేశం. మూడో నిబంధన పది నిమిషాల్లో అయిపోయింది. అందులో ఊరూ ఉంచారు, డిగ్రీ ఉంచారు, ఏదో ఒకటి చాలన్నారు. ఇక అధ్యక్ష ఎన్నిక. పద్ధతి ఏమిటంటే, ఒక సభ్యుడు లేచి పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆ వ్యక్తి తన అంగీకారం నోటితో చెప్పాలి, కన్వీనర్ దాన్ని మినిట్స్‌లో రాయాలి. కులకర్ణి లేచి, అధ్యక్ష పదవికి నేస్తాన్ని ప్రతిపాదిస్తున్నానన్నారు. మొత్తం వాక్యం ఇంగ్లీషు, ఆ ఒక్క మాట తెలుగు. రికార్డు కోసం పేరు చెప్పమన్నాను. ఆయన గుమ్మం వైపు చూపించారు. బుద్రమ్మ ఖాళీ గిన్నెల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని వింటోంది. పేరు చెప్పడం కుదరదన్నారు.

బలపరచడానికి అయిదుగురూ ఒకేసారి లేచారు. అంగీకారం అడిగాను. భట్టాచార్య లేచి, తనకు వయసయిందనీ, వద్దనీ అన్నారు. కులకర్ణి మళ్ళీ ప్రతిపాదించారు. భట్టాచార్య, తనకన్నా అర్హులు ఈ గదిలోనే ఉన్నారనీ, వద్దనీ అన్నారు. కులకర్ణి మూడోసారి ప్రతిపాదించారు. గదిలో అందరం లెక్కపెడుతున్నాం. నేను కలం పట్టుకుని ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఇప్పుడు వద్దంటే ఆయన పుస్తకం నిలుస్తుంది; సరేనంటే కులకర్ణి పుస్తకం నిలుస్తుంది. ఆయన కొంచెంసేపు బల్ల మీది కాగితాలు సర్దారు.

“ఒప్పుకుంటున్నాను. అబద్ధం ఎందుకు, నాకు ఆకలిగానే ఉంది,” అన్నారు.

అయిదున్నరకు ఎనిమిది సంతకాలూ అయ్యాయి. భట్టాచార్య గది బయటకు వెళుతూ తలుపుకి తల కొట్టుకున్నారు. వెనకే ఉన్న కులకర్ణి, చూసుకో నేస్తం అన్నారు. నాకు ఆ సాయంత్రం కలిగిన సంతోషం తర్వాత నా వీడ్కోలు సభలో కూడా కలగలేదు.

మినిట్స్‌లో నేను జరిగింది జరిగినట్టే రాశాను, అలవాటు కొద్దీ. ‘శ్రీ నేస్తం గారిని శ్రీ కులకర్ణి గారు ప్రతిపాదించగా’ అన్న వాక్యం పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తా పేచీ పెట్టాడు. కార్యవర్గం జాబితాలో నేస్తం అనే వ్యక్తి లేడు, ఆయన ఏ రాష్ట్రం, గుర్తింపు కార్డు నకలు జతచేయలేదేం అని. వివరణ ఉత్తరం ఒకటిన్నర పేజీ రాశాను. మా శాస్త్రం అంటే ఏమిటో ఒక ప్రభుత్వ కార్యాలయానికి అర్థమయ్యేలా నేను రాసిన ఏకైక కాగితం అదేననుకుంటాను, ఎందుకంటే దాన్ని వ్యక్తిగత అభిప్రాయం అనకుండా స్టాంపు వేశారు.

సంఘం ఇప్పుడు నడుస్తోంది. పత్రిక వస్తోంది, ఏడాదికొకసారి సభ జరుగుతోంది, ఊళ్ళను తరలించే చోట సంఘం అభిప్రాయం అడిగే ఉత్తరాలు అప్పుడప్పుడు వస్తున్నాయి. అధ్యక్షుడైన తర్వాత భట్టాచార్య నియమావళికి పెట్టించిన మొదటి సవరణను కులకర్ణే బలపరిచారు. ఏ ఆచారాన్నయినా నమోదు చేసే పరిశోధకుడు ఆ రోజు తన ఒంట్లో ఎలా ఉందో, ఏం తిన్నాడో, ఎంతసేపు మెలకువగా ఉన్నాడో కూడా నోటుపుస్తకంలో రాయాలన్నది ఆ సవరణ. దాన్ని కొత్త సభ్యులు చదివి నవ్వుతారు. నేనూ మొదట్లో నవ్వాను.

రిటైరయిన తర్వాత ఇంట్లో కూర్చుని నా పాత నోటుపుస్తకాలు ఆ సవరణ ప్రకారం సరిచూడటం మొదలుపెట్టాను. ముంచింగిపుట్టు వైపు ఒక ఊరి గురించి నేను ఒక వాక్యం రాశాను. నా తర్వాత చాలామంది దాన్ని ఎత్తి రాశారు, ఒక పాఠ్యపుస్తకంలో కూడా ఉంది: ‘ఈ ఊరి స్త్రీలు కొత్తవారితో మాట్లాడరు.’ అదే పేజీ మార్జిన్‌లో చిన్న అక్షరాలతో మాత్రల పేర్లు రాసి ఉన్నాయి. ఆ వారం నాకు మలేరియా. దుప్పటి కప్పుకుని అరుగు మీద ముడుచుకుని పడుకున్నాను. ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ ఆడవాళ్ళు జావ తెచ్చిపెట్టి, పక్కన కూర్చుని, లేచి వెళ్ళారు. మాట్లాడనిది నేను.

ఆ వాక్యం తప్పని ఉత్తరం రాసి సంఘం పత్రికకు పంపాను, వాళ్ళు అచ్చువేశారు. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. మన మాటకు వెనక నిలబడటానికి సంఘం కావాలని నేను ఆరేళ్ళు ఉత్తరాలు రాశాను. అది అవసరమే. కానీ సంఘం ఉండేది ముందు మన మాట తప్పయినప్పుడు తప్పని చెప్పడానికి. ఆ పని చేయగలిగినప్పుడే దాని మాట ఎవరైనా వింటారు.